మూడడుగుల దారి

రోడ్ల ఆఫీసులో మ్యాపులు గీసే ఆ పెద్దమనిషి మునివేళ్లకు ఆకుపచ్చ రంగు వదలదు. పెద్దరోడ్డు వెంట సైకిళ్ల దారికి ఆయన దిద్దే రంగు అది. ఆరడుగుల వెడల్పని గీసి పంపితే ఫైలు ఐదై తిరిగొచ్చింది, మళ్లీ పంపితే నాలుగైంది. ప్రతిసారీ నిట్టూర్చి చెరిపేవాడు, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ గీసేవాడు. ఇవాళ ఇంజనీరుగారు పిలిచి, "మూడు చాలవా ఏంటయ్యా? నా గది తలుపూ అంతేగా!" అన్నారు. ఆయన బయటికెళ్లి, రెండువైపులా కూరగాయల సంచులు వేలాడుతున్న తన సైకిలెక్కి, వరండాలోంచి తొక్కుకుంటూ ఆ తలుపులోకి వచ్చాడు. ద్వారబంధానికి మోచెయ్యి గీరుకుపోయింది. "మెల్లగా! తలుపు తగుల్తోంది!" అని ఇంజనీరుగారు కేకేశారు. "ఇక్కడ తలుపే కాబట్టి సరిపోయింది సార్," మోచేతి రక్తం తుడుచుకుంటూ అన్నాడాయన, "అక్కడైతే లారీ తగుల్తుంది." సాయంత్రానికి ఫైలు మూడున్నరై వచ్చింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు.