వనపర్తి బంగళా గేటు దగ్గర

బీచుపల్లి ఆంజనేయస్వామి మీద ఒట్టు, మా దొరసాని బల్ల మీద ఎప్పుడూ ఉండే పరిశుద్ధ గ్రంథం మీద ఒట్టు, ఇందులో ఒక్క మాట అబద్ధం లేదు. ఒకరి నుంచి తప్పించుకున్నా రెండోవారు పట్టుకుంటారని ఇద్దరి మీదా ఒట్టు పెట్టాను. నన్నెరిగినవాళ్లు ఒక్క ఒట్టుతో నమ్మరు.

అప్పట్లో నేను పెళ్లికాని కుర్రవాణ్ణి. వనపర్తిలో మిషను బంగళాలో ఇంగ్లీషు చెప్పడం నా ఉద్యోగం. సముద్రాలు దాటి వచ్చిన దొరసాని అక్కడి పెద్ద. తన ఆవరణలో పనిచేసే ప్రతి మనిషీ ఇంగ్లీషు మాట్లాడాలని ఆమె పట్టు. అందుకని నా విద్యార్థులు గేటు కాసే తాత, వంటామె, తోటమాలి. పుస్తకంలో చదివింది నోటికి రాదని ఆమె ఒక నియమం పెట్టింది. గేటు దాటేవాణ్ణి ఎవరు చూసినా ఇంగ్లీషులో ఒక ప్రశ్న అడగాలి. అవతలివాడు పూర్తి వాక్యంలో జవాబు చెప్పాలి. మొదటి ప్రశ్న ఏదని ఆమె అడిగితే నేనే ఎంచి ఇచ్చాను: ‘వేర్ ఆర్ యూ గోయింగ్?’ అంటే, ఎక్కడికి పోతున్నావు?

పని మీద బయలుదేరిన మనిషిని మా వైపు ఆ మాట ఎవరూ అడగరు. అడిగితే పని చెడుతుందంటారు. పొరపాటున ఎవరైనా అడిగితే వెనక్కి వెళ్లి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయలుదేరాలి. నేను మాత్రం ఇవన్నీ వట్టి మూఢనమ్మకాలని దొరసాని ఎదుట గంటసేపు ఉపన్యాసం ఇచ్చినవాణ్ణి. ఆమె మెచ్చుకుని బిస్కెట్లు కూడా పెట్టింది.

ఒకనాడు తెల్లవారుతూనే మా మామ ఊరి బండాయన గేటు ముందు ఎడ్లను ఆపాడు. మామ వాళ్లది కృష్ణకు అవతల, గద్వాల వైపు.

“మీ మామ ఖబర్ పంపిండు సారూ. నాగర్‌కర్నూలు నుంచి వేరే సంబంధమొచ్చింది. పొద్దుగూకేలోపల నువ్వొచ్చి మాటియ్యకుంటే పిల్లను వాళ్లకే ఖాయం జేస్తరంట. పిల్ల గూడ ఒక మాట జెప్పమంది. ‘ఇంగ్లీషు జర పక్కకు వెట్టి రమ్మను బావను’ అంది.”

చిన్నప్పుడు నా చొక్కా జేబులో చీమలు పోసిన పిల్ల. ఆమెను తప్ప ఇంకొకరిని చేసుకుంటానని నేనెన్నడూ అనుకోలేదు. బీచుపల్లి రేవులో పుట్టి పడవలు నడిపేవాళ్లు చీకటి పడితే ఏరు దాటించరు. ఎడ్లు ఎంత నడిచినా అక్కడికి పగలంతా పడుతుంది. మంచి ధోవతి కట్టుకుని పరుగున వచ్చి బండి ఎక్కబోయాను.

“వేర్ ఆర్ యూ గోయింగ్, సార్?” అన్నాడు గేటు తాత, నిటారుగా నిలబడి.

బండాయన పగ్గాలు వదిలేశాడు. “గాయన ఏమన్నడు సారూ?”

“ఏం లేదు. పాఠం.”

“ఎక్కడికని అడిగిండు గదా? నీ మొఖం జూస్తె ఎరుకైతలేదా! దిగు. నీళ్లు తాగి రా. అడిగినంక నా ఎడ్లను తోల.”

తాతకు రోషమొచ్చింది. “నాకు తెల్వదా? లగ్గం పని మీద పోయెటోన్ని తెలుగుల అడుగుతనా? ఇంగ్లీషుల అడిగితే తగల్తదా?”

“ఏ భాషల తిట్టినా తిట్టే. ఏ భాషల అడిగినా అడిగినట్టే.”

“గట్లయితే దొరసాని దేశంల ఒక్క పనన్న అయితదా? వాళ్లు దినాం గిదే అడుగుతుంటరు. మరి సముద్రం దాటి గీడిదాంక ఎట్లొచ్చింది?”

తాతదే న్యాయమనిపించింది. కానీ నా కాళ్లు అప్పటికే బావి వైపు తిరిగాయి.

కడుక్కుని, కూర్చుని, తాగి వచ్చాను. ఈసారి వంటామె పాలచెంబుతో ఎదురైంది. నెలల తరబడి బతిమాలినా ఒక్క ఇంగ్లీషు ముక్క పలకని మనిషి. నన్ను చూసి ఆగి, కళ్లు మూసుకుని, ఒక్క తప్పు లేకుండా అడిగేసింది. “మంచిగొచ్చిందా సారూ?” అంది మురిసిపోతూ. మంచిగా వచ్చిందని చెప్పి మళ్లీ బావి దగ్గరికి నడిచాను. ఆ గేటుకు తాళం కూడా ఉండేది కాదు.

పొద్దెక్కింది. అప్పుడు తట్టింది ఉపాయం. ముఖం బంగళా వైపు పెట్టి వెనక్కి నడుస్తూ గేటు దాటాను. వరండాలో టీ తాగుతున్న దొరసాని నేనెక్కడినుంచో వస్తున్నాననుకుని రెండో పాఠంలోని ప్రశ్న వేసింది: ‘ఎక్కడినుంచి వస్తున్నావు?’ ‘గద్వాల నుంచి వస్తున్నాను’ అని పూర్తి వాక్యంలో చెప్పాను. ఆ ప్రశ్నకు దోషం లేదు గనుక బండాయన సంతోషించాడు. నన్ను చూసి ఎడ్లు కూడా కొత్తకోట దాకా వెనక్కే నడిచాయి. పుట్టి ఎటూ గుండ్రం. దానికి ముందేది, వెనకేది! అవతలి గట్టున పిల్ల నవ్వుతూ అడిగింది: “బావా, వచ్చినవా, పోతున్నవా?” ఆ నవ్వులోనే మామ లగ్గం ఖాయం చేశాడు.

రెండు ఒట్లు పెట్టినవాణ్ణి, ఇక్కడ ఆగాలి. వెనక్కి నడవడం దగ్గర్నుంచి అంతా నా కల్పన. రెండో పాఠం నేనప్పటికి ఎవరికీ చెప్పనేలేదు.

జరిగింది ఇది. మూడోసారి ముందుకే నడిచాను. వరండాలోంచి దొరసాని ప్రేమగా, ఒక్కో మాటా విడదీసి అడిగింది: “వేర్ ఆర్ యూ గోయింగ్, మాస్టర్?” లగ్గం మాటకని చెప్పి బండెక్కవచ్చు. అడిగాక బయలుదేరితే ఆ మాటే చెడుతుందేమో. వెనక్కి తిరిగి మళ్లీ నీళ్లు తాగుదామంటే, ఇవన్నీ మూఢనమ్మకాలని చెప్పి ఆమె బిస్కెట్లు తిన్న నోరు.

“ఇగ నేను ఆగ సారూ. ఏరు దాటాలె,” అన్నాడు బండాయన. “మీ మామకు ఏం జెప్పాలె?”

నేను వరండా వైపు తిరిగాను. దొరసాని ఇంకా ఎదురుచూస్తోంది.

“ఐ యాం గోయింగ్ నోవేర్, మేడం,” అన్నాను. ఎక్కడికీ పోవడం లేదు.

“వెరీ గుడ్! పూర్తి వాక్యం!” అంది ఆమె. “అయితే రండి. వంటామెకు రెండో ప్రశ్న నేర్పండి.”

కొత్తకోట దారిలో బండి చప్పుడు వినబడుతుండగానే మొదలుపెట్టాను: ‘ఎక్కడినుంచి వస్తున్నావు?’ వంటామె మొదటిసారికే పట్టేసింది.