పచ్చగా ఉందన్నాను

మొన్న పొద్దున కాఫీ తాగుతూ పేపరు తిరగేస్తుంటే, దేశంలో ఎవరూ నాటకుండా తనంతట తాను పెరిగే అడవి ఏళ్ల తరబడి ఎక్కడ ఎంత పెరిగిందో, ఎంత తరిగిందో చూపిస్తూ ఒక పెద్ద పట్టిక కనిపించింది. "అత్తయ్యా, అంత దీక్షగా ఏం చదువుతున్నారు?" అంది మా కోడలు. "లెక్కలమ్మా" అన్నాను. అలాంటి లెక్కల్లోకి ఒకప్పుడు నేనూ ఒక వాక్యం పంపించాను. నా మోకాళ్ల నొప్పుల గురించి బందరంతా చెప్పుకుంటాను గాని, ఈ సంగతి మాత్రం మా చర్చి ఆడవాళ్లకు కూడా ఇంతవరకు చెప్పలేదు.

అరవైల మొదట్లో నాకు పెళ్లయింది. మా ఆయన ఉయ్యూరులో పంచదార ఫ్యాక్టరీలో పనిచేస్తూ శనివారం సాయంత్రం వచ్చి ఆదివారం సాయంత్రం వెళ్లిపోయేవారు. మిగతా రోజులన్నీ నేను దివిసీమలో, నాగాయలంక దాటాక సముద్రం వైపున్న ఒక చిన్న పల్లెలో మా మావగారి దగ్గర ఉండేదాన్ని. అత్తగారు నేను రాకముందే పోయారు. మావగారు ఫారెస్టు గార్డు. పల్లెకీ సముద్రానికీ మధ్యనున్న మడ అడవికి ఆయనే కాపలా. గుడివాడలో వరిచేల మధ్య పెరిగిన నాకు, బురదలోంచి వేళ్లు పైకి పొడుచుకొచ్చే ఆ చెట్లను చూస్తే మొదట్లో ఒళ్లు జలదరించేది. ఆయనకు మాత్రం అవంటే ప్రాణం. "దీన్నెవరూ నాటలేదమ్మా. కొట్టినా మళ్లీ దానంతటదే వచ్చుద్ది" అనేవారు. ఏటా ఒక భాగాన్ని వేలం వేసేవారు. పాడుకున్న కంట్రాక్టరు ఆ కట్టెలు కొట్టించి పడవల్లో బందరు పంపేవాడు. కాకపోతే మొదలుకి తారు పట్టీ వేసిన పెద్ద చెట్లను మాత్రం ముట్టుకోకూడదు. వాటి గింజలు బురదలో పడి మొలకెత్తాలి, అదీ పద్ధతి. మొలకలు వచ్చాయో లేదో చూసి రిజిస్టర్లో రాయడం మావగారి పని.

ఆ రాసే పని నేను వెళ్లిన నెలకే నా మీద పడింది. "నీ దస్తూరీ ముత్యాల్లా ఉందమ్మా" అన్నారు. ఎస్సెల్సీ చదివిన గర్వంతో ఉబ్బిపోయాను. అసలు సంగతి ఒకరోజు తపాలా బంట్రోతు గుమ్మంలోకి వచ్చినప్పుడు బయటపడింది. మావగారు చివాలున లేచి, నిటారుగా నిలబడి, ఆ ఖాకీ చొక్కాకి పెద్ద సెల్యూట్ కొట్టి "నమస్కారం రేంజరుగారూ" అన్నారు. ఆ పెద్దమనిషి బెదిరిపోయి ఉత్తరం అరుగు మీద పడేసి వెళ్లిపోయాడు. నేను వంటింట్లోకి పోయి నవ్వుకున్నాను. నవ్వు తగ్గాక భయం వేసింది. చర్చిలో ఆయన పాటల పుస్తకం తెరిచేది చూసి పాడేందుకు కాదని, పాటలన్నీ ఆయనకు నోటికి వచ్చని అప్పుడు తెలిసింది. పింఛనుకి ఇంకా రెండేళ్లుంది. చూపు లేదని తెలిస్తే ఉద్యోగం ఉండదు.

ఆ ఏడు వానలు వెనకబట్టాక, రెండేళ్ల కిందట కొట్టిన భాగం చూసిరావాలని నన్ను కూడా తీసుకెళ్లారు. ఆయన ముందు కర్రతో, నేను వెనక చెప్పులు చేత్తో పట్టుకుని. చెట్ల నీడ దాటి ఆ బయల్లోకి రాగానే నా కాళ్లు ఆగిపోయాయి. ఎంత దూరం చూసినా బూడిదరంగు నేల, దాని మీద తెల్లగా ఉప్పు పొర. ఒక్క మొలక లేదు. ఒక్క పీత కదలడం లేదు. నరికిన మొద్దుల్లో లావుపాటివి దగ్గరికి వెళ్లి చూశాను, వాటికి తారు పట్టీ ఉంది. గింజ చెట్లను కూడా కంట్రాక్టరు మనుషులు ఈయన కళ్లెదుటే కొట్టేసుకుపోయారు.

"ఏమ్మా, పచ్చగా వచ్చిందా?" అన్నారు మావగారు.

రాలేదంటే పైవాళ్లు వస్తారు, తారు మొద్దులు చూస్తారు, తర్వాత ఆయన కళ్లు చూస్తారు. "వచ్చిందండి మావయ్యగారూ. బాగా వచ్చింది" అన్నాను. ఆయన వంగి నేలను అరచేత్తో తడిమారు. చెయ్యి పంచెకు తుడుచుకుని, "అయితే పోయినేడు రాసినట్టే రాయమ్మా" అన్నారు. "కొట్టిన భాగమునందు మొలకలు సమృద్ధిగా వచ్చినవి" అని ఆ సాయంత్రం ముత్యాల్లాంటి దస్తూరీతో రాశాను.

రాసింది ఊరికే పోలేదు. అడవి బాగా తిరిగొస్తోంది గనుక పల్లెను ఆనుకున్న భాగం కూడా కొట్టుకోవచ్చని మరుసటేడు వేలం వేశారు. ఎండాకాలమంతా గొడ్డళ్ల చప్పుడు రోజురోజుకీ దగ్గరికి వచ్చింది. ఒకరోజు హఠాత్తుగా ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. మావగారు అన్నం కలుపుతున్నవారు చెయ్యి ఆపి, తల దక్షిణం వైపు తిప్పారు.

"ఈ ఇంట్లో ముప్పై ఏళ్లుగా ఉంటున్నానమ్మా. సముద్రం హోరు లోపలికి రావడం ఇదే మొదలు" అన్నారు. నేను చారు గిన్నె పట్టుకుని నిలబడిపోయాను. "ఆ రోజు నేల తడిమినప్పుడే నాకు తెలిసింది. నువ్వు అబద్ధం చెప్పావు, నేను తీసుకున్నాను. నీకన్నా నాదే పెద్ద తప్పు." ఆ పూట ఆయన అన్నం తినలేదు.

పింఛను రాగానే ఆయన్ని ఉయ్యూరు తీసుకెళ్లిపోయాం. పల్లెలో తక్కిన వాళ్లంతా అక్కడే ఉండిపోయారు. మమ్మల్ని సాగనంపడానికి పడవ దాకా వచ్చి, చంటిపిల్లల్ని చంకనేసుకుని ఒడ్డున నిలబడి చేతులూపారు. వాళ్ల వెనక, పూర్వం అడవి అడ్డంగా ఉన్న చోట, సముద్రం తిన్నగా కనిపిస్తోంది. దివిసీమను ముంచేసిన డెబ్బై ఏడు ఉప్పెన రావడానికి అప్పటికింకా పదేళ్ల పైనే ఉంది. మడ మొలక నిలువెత్తు చెట్టు కావడానికి అంత కాలం చాలు, కార్డు ముక్క మీద పైవాళ్లకు ఒక్క నిజం రాసి పోస్టు చేయడానికి అంత కూడా అక్కర్లేదు.