నేను పారేసిన ప్లేటు

మా నాన్న కిరండూల్ రైలు లైనులో పట్టాలు సరిచేసే గ్యాంగ్‌మన్. ఇనుప రాయి మోసే బండ్లు తెరిపి లేకుండా తిరిగే రోజులవి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి బస్తర్‌లో స్థిరపడ్డ మనిషి. గ్యాంగులో గోండీ, సంతలో హల్బీ, ఆఫీసర్ల దగ్గర హిందీ మాట్లాడేవాడు. ఇంట్లో తిట్టాలన్నా, ముద్దు చేయాలన్నా మా ఊరి తెలుగే. నేను టౌన్‌షిప్ ఆసుపత్రి ల్యాబులో పనిచేసేదాన్ని. మైక్రోబయాలజీ చదివానని నా కళ్ళు నెత్తి మీదే ఉండేవి. ముక్కు మీద కోపం సరేసరి.

ఆ వానాకాలం పట్టాల కింద కంకర సర్దుతుంటే గెడ్డపార జారి నాన్న ఎడమ పాదం మీద పడింది. గాయం చిన్నదే. కానీ ఎక్కడ తగిలిందో చూడండి! ప్యాసింజరు బండ్ల మరుగుదొడ్లు అప్పట్లో నేరుగా పట్టాల మీదికే తెరుచుకునేవి. ఆ మలినం, కింది ఎర్రమట్టి కలిసిన వాననీళ్ళలో నాన్న రోజంతా రబ్బరు చెప్పులతో నిలబడ్డాడు. పది రోజులకు పాదం ఉబ్బి చీము పట్టింది.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అని అరిచాను.

"ఏటే గుంటా, అలా అరుస్తన్నావు? దెబ్బ తగిలింది నాకా, నీకా?" అని నవ్వాడు.

చీము నేనే తీసి, జెల్లీ పోసిన ప్లేటు మీద పూసి, మధ్యలో మందు అద్దిన కాగితం బిళ్ళ పెట్టాను. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ సూక్ష్మజీవులు చచ్చి ఖాళీ గుండ్రం ఏర్పడుతుంది. గుండ్రం బాగానే వచ్చింది. మూడో రోజు చూస్తే ఆ ఖాళీలో ఆకుపచ్చ చుక్కలు లేచాయి. అవి మట్టిలో ఉండే రకం. వాటి పక్కనే పేగుల్లో ఉండే మరో రకం కంపు కొడుతూ పెరిగింది. ఒకే ప్లేటులో రెండు రకాలుంటే మా ల్యాబులో దాన్ని చెత్త ప్లేటు అనేవాళ్ళం. ఒక్క రకాన్నే వేరు చేసి పెంచితేనే పరీక్ష అని మాకు నేర్పారు. ఛీ, నా చేతి పనిలో చెత్తా! ఒళ్ళు మండి, ఆకుపచ్చదాన్ని మాత్రం ఏరి పక్కన పెట్టి, ఆ ప్లేటును ఉడికించి పారేశాను. ఏరినదాన్ని విడిగా పెంచాను. ఈసారి గుండ్రం రూపాయి నాణెం అంత వెడల్పున శుభ్రంగా వచ్చింది. 'ఈ మందు పనిచేస్తుంది' అని రాసి సంతకం పెట్టాను.

"రిపోర్ట్ సాఫ్ హై, బేటీ. చింతా మత్ కరో," అన్నారు డాక్టరు, దిగులు పడొద్దని.

మందు వేసినన్ని రోజులూ వాపు తగ్గేది. ఆపగానే మళ్ళీ వచ్చేది. మళ్ళీ చీము తీశాను, మళ్ళీ రెండు రకాలు, మళ్ళీ ఒకదాన్ని ఏరాను, మళ్ళీ అదే రిపోర్టు రాశాను. మూడోసారి వాచినప్పుడు, ఎముకకు పట్టింది, పాదం తీసేయాలన్నారు డాక్టరు. నాన్న ఆయన్ని ఏమీ అడగలేదు. నన్నడిగాడు.

"పాదం లేకపోతే లైను మీద నడవగలనేటమ్మా?"

"నన్నడుగుతావేంటి? డాక్టర్నడుగు!" అని కసిరాను. నడవలేవని చెప్పే ధైర్యం లేక కసిరాను.

పాదం తీసేసిన వారానికి, అనుమానం తీరక, ఆపరేషన్లో తీసిన చీములోని రెండు రకాలనూ కావాలనే ఒకే ప్లేటు మీద పెంచి బిళ్ళ పెట్టాను. మూడో రోజుకు ఖాళీలో ఆకుపచ్చ చుక్కలు! విడిగా పెంచిన ప్లేటులో ఒక్కటీ లేదు.

ఎందుకలా జరిగిందో చాలా ఏళ్ళ తర్వాత చదివాను. పేగుల్లోని రకం ఇండోల్ అనే వాసన రసాయనాన్ని వదులుతుంది. మట్టిలోని రకం దాన్ని సొంతంగా తయారు చేసుకోలేదు, కానీ పసిగడుతుంది. పసిగట్టి ముందే జాగ్రత్త పడుతుంది: లోపలికి వచ్చిన మందును బయటికి తోస్తుంది, లేదా ఎదుగుదల ఆపి అణగి ఉంటుంది. మందు పోయాక లేస్తుంది. అది మందును జయించడం కాదు, తట్టుకోవడం. గ్యాంగులో ఒకడు బండి వస్తోందని ఏ భాషలో కేక వేసినా మిగతావాళ్ళు పట్టాలు దిగేవాళ్ళు, ఇదీ అంతే. నేను కేక వేసేదాన్ని పారేసి, మిగిలినదాన్ని పరీక్షించాను. ఆ ప్లేటు చూపించి ఉంటే డాక్టరు మందు మార్చేవారా, పాదం దక్కేదా? ఏమో. ఆ ఏమో అన్నదే నన్ను కొరుక్కు తింటోంది.

కుట్లు మానాక నాన్నను మెడికల్ బోర్డు ముందుకు తీసుకెళ్ళాను. లైను పనికి ఇక పనికిరాడని తేల్చాల్సింది వాళ్ళే. రెండు రకాలనూ కలిపి పెంచిన ప్లేటు సంగతి అప్పటికి నాకు తెలుసు, నాన్నకు చెప్పలేదు. ఇంత మందు వాడినా ఎందుకు తగ్గలేదని అధికారి అడిగాడు. నాన్న జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. నా రిపోర్టు.

"దవా ఠీక్ థీ సాబ్," అన్నాడు. మందు మంచిదే, నా ఒళ్ళే మంచిది కాదు, మా అమ్మాయే పరీక్ష చేసింది చూడండి అని హిందీలో గర్వంగా చెప్పాడు.

అధికారి సంతకం చూసి, ఇది మీదేనా అని నన్నడిగాడు. నాన్న నావైపే చూస్తున్నాడు. అవునన్నాను. మందుకు స్పందించని శరీరం అని ఆయన ఫైల్లో రాసుకున్నాడు. నేను పక్కనే కూర్చుని చూశాను, కాదని అనలేదు.