ఆగస్టు లెక్కలో లేని పద్నాలుగు మంది

2019 జూన్‌లో నన్ను బల్మూర్ నుంచి గద్వాల దగ్గరి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి హెల్త్ సూపర్‌వైజర్‌గా బదిలీ చేశారు. నా కింద ఆరుగురు ఏఎన్ఎంలు. ప్రతి బుధవారం ఉదయం వాళ్లు ఉపకేంద్రాల్లో గర్భిణుల బరువు, బీపీ, రక్తం చూస్తారు. నెలాఖరున ఆ లెక్కలు సరిచూసి సంతకం చేయడం నా పని. హిమోగ్లోబిన్ పదకొండుకు తగ్గితే రక్తహీనత. ఏడుకు తగ్గితే వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి.

ఒక ఊరిలో జూలైలో 19 మందికి రక్తహీనత ఉంది. ఆగస్టులో ఆరుగురికే. సమావేశంలో మెచ్చుకున్నారు. ఇంటికొచ్చి రిజిస్టరు తెరిస్తే, జూలైలో 31 మందిని పరీక్షించారు, ఆగస్టులో 17 మందినే. రాని పద్నాలుగు మందిలో పదమూడుగురు జూలై రక్తహీనత జాబితాలో ఉన్నవాళ్లు. అది చూడకుండా సంతకం పెట్టిన తప్పు నాది.

ఎందుకు రాలేదని ఏఎన్ఎంను అడిగాను. "క్రాసింగ్ నడుస్తుంది కద మేడం," అంది. విత్తనాల కోసం పెంచే సీడు పత్తిలో సాయంత్రం ఆడ మొక్క మొగ్గలు గిల్లి, మర్నాడు పొద్దున వాటికి మగ పువ్వు పుప్పొడి రాయాలి. ఆ పూట దాటితే పువ్వు పనికిరాదు. మా పరీక్షలూ సరిగ్గా ఆ పూటే.

మరుసటి ఉదయం హిమోగ్లోబిన్ మీటరు పట్టుకుని చేనుకే వెళ్లాం. ఆ పద్నాలుగు మందిలో ఒకామె, ఎనిమిదో నెల కూలీ మణెమ్మకు 6.4 వచ్చింది. ఈ రోజే పంపాలన్నాను. చేను యజమాని తిమ్మప్ప, క్రాసింగ్ అయ్యేదాకా పదిహేను రోజులు ఆగమన్నాడు. అతని కోడలికీ ఎనిమిదో నెలే. ఆగస్టు పరీక్షలో ఆమె హిమోగ్లోబిన్ పన్నెండు.

"మా కోడలు గూడ మీరిచ్చే గివే ఐరన్ గోళీలు మింగుతది. వీళ్లు పారేస్తరు మేడం."

మణెమ్మ పువ్వు మీంచి చెయ్యి తీయకుండానే జవాబిచ్చింది. "మింగుత పటేలా. ఒట్టి కడుపుల మింగితె కక్కొస్తది. నీ కోడలికి గుడ్డు పెట్టినంక గోళీ ఇస్తరు. నాకు రెండు సాళ్లయినంక ఛాయ్ ఇస్తవు."

పక్క సాలులో ఆడవాళ్లు నవ్వారు. కానీ ఆటో ఎక్కడానికి మణెమ్మే వెనకాడింది. తను పోతే రేపు ఆ సాలుకు ఇంకొకరు వస్తారని నాతో మెల్లగా అంది. గంటసేపు బతిమాలి, కసిరి, చివరికి నేనే గద్వాల దవాఖానకు తీసుకెళ్లాను. రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు. అక్టోబరులో 2.1 కిలోల ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ బతికారు. ఆమె సాలును తిమ్మప్ప మర్నాడే ఇంకొకామెకు ఇచ్చాడు.

మిగతా పదమూడుగురికీ చేలలోనే పరీక్ష చేయించి, నివేదిక దిద్ది పంపాను. రక్తహీనత ఒక్కసారిగా ఎందుకు పెరిగిందో సంజాయిషీ ఇమ్మని మెమో వచ్చింది. పేర్లతో సహా రెండు పేజీలు రాశాను. దానికి జవాబు లేదు.

ఐరన్ గోళీలు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది. కూలి తెగకుండా, పని పోకుండా దవాఖానకు వచ్చే ఒక్క పూట ఎవరూ ఇవ్వరు; చేను ఉన్న ఇంటి కోడలికి దాన్ని అడగాల్సిన పనే లేదు. ఆ పూట ఇప్పించలేని ఆరోగ్య శాఖ ఎన్ని గోళీలు పంచానని రాసుకున్నా, రక్తహీనత మీద పని చేసినట్టు కాదు.