గేటు ముందు గడ్డకట్టిన నుదురు

తప్పు చేసి ఇంట్లో తిట్లు తినడం మామూలే. పని చేసే చోట తినడమూ మామూలే. కానీ ఊరు కాని ఊళ్లో, ఒక పార్కు గేటు దగ్గర, అంతమంది జనం చూస్తుండగా, రెండు యంత్రాలు కూడబలుక్కున్నట్టు "ఈ మనిషి బతికున్నాడనడానికి మా దగ్గర ఆధారాల్లేవు" అని తేల్చేసిన ఘనత మాత్రం నాకు తెలిసి నా ఒక్కడిదే. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు, నేనేమీ అనుకోను. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది. ఆ రోజు మాత్రం నవ్వలేదు.

నేను బోగోలు దగ్గర, సముద్రపు ఒడ్డున ఒక ఐసు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ని. పడవలు వేటకు పోవాలంటే ముందు మా ఐసు దిమ్మలు ఎక్కాలి. ఈ సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే నా కొంప ముంచింది ఆ ఉద్యోగమే. వేరే ఏ ఉద్యోగంలో ఉన్నా నాకు ఆ పాడు ఆలోచన వచ్చేది కాదు.

మా పల్లవికి అప్పుడు పదేళ్లు. చెన్నై వైపు ఉన్న థీమ్ పార్కుకు వెళ్లాలని దానికి ఎప్పటినుంచో కోరిక. సరేనని మొదటిసారి టికెట్లు తీశాను. లాక్‌డౌన్ వచ్చింది. పార్కు మళ్లీ తెరిచారని తెలిసి రెండోసారి తీశాను. వారం తిరగకముందే సెకండ్ వేవ్ వచ్చింది. మా వీధిలో వాళ్లయితే, "అన్నా, ఈసారి టికెట్లు తీసేటప్పుడు ఒక మాట ముందుగా చెప్పు, బియ్యం, పప్పులు తెచ్చి పెట్టుకుంటాం" అనడం మొదలుపెట్టారు.

ఆ గోలంతా తగ్గాక పార్కు ఇంకోసారి తెరిచారు. ఏడాదిన్నర పాటు ఫోన్లోనే బడి, ఫోన్లోనే స్నేహితులు అయిపోయిన పిల్ల నా దగ్గరకు వచ్చి, "నాన్నా, ఈసారి గూడా కుదరకపోతే ఇంక నేను అడగన్లే" అంది. ఏడ్చి అడిగినా, అలిగి అడిగినా తట్టుకునేవాణ్ణి. పెద్దమనిషిలా నెమ్మదిగా అనేసరికి తట్టుకోలేకపోయాను. సముద్రం ఇంకినా సరే దీన్ని ఆ గేటు దాటించాలని అనుకున్నాను. మూడోసారి టికెట్లు తీశాను. నేను, మా ఆవిడ రాధ, పల్లవి, మా అమ్మ. మొత్తం నలుగురం.

టికెట్లతో పాటు ఫోన్‌కి నిబంధనల చాంతాడు ఒకటి వచ్చింది. మాస్కు ఉండాలి, దూరం ఉండాలి, పన్నెండు గంటల్లోపు లోపలికి వచ్చెయ్యాలి. ఇవన్నీ బాగానే ఉన్నాయి. చివర్లో ఉంది అసలు ముల్లు: గేటు దగ్గర అందరికీ టెంపరేచర్ చూస్తారు, ఒక్కరికి ఎక్కువ ఉన్నా వాళ్లతో వచ్చిన వాళ్లందరినీ వెనక్కి పంపేస్తారు.

ఆ ముల్లు నేరుగా నాకే గుచ్చుకుంది. ఎందుకంటారా? ఆ ముందు ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం మోటార్‌సైకిల్ మీద బ్యాంకుకు పోతే, అక్కడి గార్డు నా నుదుటికి టెంపరేచర్ గన్ను పెట్టి, తొంభై తొమ్మిదిన్నర ఉందని అరగంట సేపు చెట్టు కింద కూర్చోబెట్టాడు. ఇంటికొచ్చి చెబితే మా అమ్మ ఆశ్చర్యపోలేదు.

"నీది మొదట్నుంచీ వేడి శరీరం రా అబ్బయ్యా. పుట్టినప్పుడే మంత్రసాని చెప్పింది, పెనం మాదిరి ఉండాడని."

నావల్ల నలుగురూ వెనక్కి రావడమా? ఆ రాత్రే ఇంట్లో అత్యవసర పరిస్థితి ప్రకటించాను. ప్రయాణానికి మూడు రోజుల ముందు నుంచి ఇంట్లో వేడి చేసే వస్తువేదీ వండకూడదు. చేపలు, రొయ్యలు, గుడ్లు, ఆవకాయ, అన్నీ బంద్. పొద్దున బార్లీ నీళ్లు, మధ్యాహ్నం సొరకాయ, సాయంత్రం సబ్జా గింజలు, రాత్రికి మజ్జిగన్నం. నడినెత్తిన ఆముదం. జ్వరమొచ్చినవాడికి కూడా ఇంత పథ్యం ఉండదు.

"వేడి నీది గదా బావా, మేమెందుకు తినాలి ఈ సొరకాయ?" అంది రాధ. ఆమె మా మేనమామ కూతురు. మొహమాటం తెలియని మనిషి.

"ఒక్కరికి పెరిగినా అందరం వెనక్కే. రూల్ చదవలే?"

రెండో రోజున మాకు తెలిసిన పడవ యజమాని మంచి వంజరం చేపను ఇంటికి పంపాడు. అప్పుడే సముద్రంలోంచి వచ్చింది, మిలమిల మెరిసిపోతోంది. మా అమ్మ దాన్ని చూసి, నన్ను చూసి, పక్కింటికి ఇచ్చేసింది. ఆ మధ్యాహ్నం పక్కింట్లోంచి మామిడికాయ వేసిన పులుసు వాసన గోడ దూకి వచ్చి మా మజ్జిగన్నాల మీద కూర్చుంది.

ఇంతటితో ఆగి ఉంటే ఈ కథే లేదు. మూడో రోజు ఫ్యాక్టరీలో దిమ్మలు లెక్కపెట్టిస్తుంటే, పెద్ద పెద్ద చేపల్నే రెండు రోజులు చల్లగా ఉంచే ఐసు నా జానెడు నుదుటిని ఒక్క గంట ఉంచలేదా అనిపించింది. వెంటనే ఒక థర్మాకోల్ పెట్టె నిండా ఐసు కొట్టించి ఇంటికి తెచ్చాను. అది చేపల పెట్టె. నాలుగుసార్లు సబ్బు పెట్టి కడిగినా తన పుట్టుక మరచిపోలేదు.

తెల్లారి కారులో బయల్దేరాం. నెల్లూరు దాటాం, నాయుడుపేట దాటాం. సూళ్లూరుపేట రాగానే నేను డ్రైవరు పక్క సీటును వెనక్కి వాల్చి, తుండుగుడ్డలో ఐసు మూట కట్టి నుదుటి మీద పెట్టుకున్నాను. రెండు చేతుల్లోనూ రెండు ముక్కలు పట్టుకున్నాను. కొందరు చేతికి కూడా గన్ను పెడతారని విన్నాను మరి.

"అతి చెయ్యమాక బావా," అంది రాధ వెనక సీట్లోంచి.

"గమ్మునుండు. మన పల్లవి లోపలికి పోవాల్నా, వద్దా?"

పార్కు చేరేసరికి పదకొండైంది. నుదురు నాది కానట్టుంది. కనుబొమలు ఎత్తుదామంటే ఎత్తుకోవడం లేదు. నవ్వితే మూతి ఒక్కటే నవ్వుతోంది, పై భాగం సంతాపసభలో ఉన్నట్టుంది. అయినా లోలోపల గర్వంగానే ఉంది. ఈ నుదుటిని పట్టుకునే గన్ను ఇంకా పుట్టలేదనుకున్నాను.

వరస చాలా పొడుగ్గా ఉంది. అప్పుడే మూడు రోజుల సొరకాయ, ఆముదం, గంట సేపటి ఐసు అన్నీ కలిసి ముక్కులోకి వచ్చాయి. తుమ్మాను. ఒకటి కాదు, నాలుగు. ఆ రోజుల్లో తుమ్మంటే బాంబే కదా! మా ముందున్న వరస చీలిపోయి అందరూ గోడలకు అతుక్కుపోయారు. మేం నేరుగా గేటు దగ్గరకు చేరుకున్నాం.

గార్డు సూళ్లూరుపేట మనిషి. మా మాట వినగానే తెలుగులోకి దిగాడు. రాధకు గన్ను పెట్టాడు, తొంభై ఏడు. పల్లవికి తొంభై ఏడు. అమ్మకు తొంభై ఏడు. చూశారా నా పథ్యం మహిమ, అందరినీ ఒకే గీత మీద నిలబెట్టాను! నేను ఛాతీ విరుచుకుని నుదురు ముందుకు చాపాను.

గన్ను కీచుమంది. గార్డు దాన్ని చూశాడు, నన్ను చూశాడు. ఒకసారి విదిలించి మళ్లీ పెట్టాడు. మళ్లీ కీచు.

"ఇదేందన్నా, అంకె రాలేదు. 'లో' అని ఇంగ్లీషులో చూపిస్తా ఉండాది."

"తక్కువనే గదా? మంచిదే గదా! పంపించెయ్యి."

"మంచిదంటావేందన్నా! ఈ ఎండకి గేటుకే నీకంటే ఎక్కువ వేడుండాది. ఎక్కువుంటే వెనక్కి పంపమన్నారు. అసల్లేకపోతే ఏం చెయ్యాల్నో నాకు చెప్పలేదు."

"మా వాడిది వేడి శరీరం నాయనా!" అని అమ్మ అడ్డం పడింది. "నీ మిషన్‌దే తప్పు!"

రాధ నా చెవి దగ్గర, "ఐసు సంగతి చెప్పేసెయ్యి బావా" అంది.

ఇక్కడే చిక్కుంది. ఐసు పెట్టుకున్నానని చెబితే, జ్వరాన్ని దాచడానికే పెట్టుకున్నాననుకోరూ? నిజం చెబితే దొంగనవుతాను, చెప్పకపోతే శవాన్నవుతాను. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నిలబడ్డాను. గార్డు నన్ను గేటు పక్కనున్న వైద్యం గదికి తీసుకుపోయాడు. మా వాళ్లు ముగ్గురూ వెంట వచ్చారు.

అక్కడి నర్సమ్మ, ఆమెదీ మా వైపే, నన్ను కూర్చోబెట్టి, వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు తగిలించింది. వేళ్లు సూళ్లూరుపేట నుంచి ఐసు మోసిన వేళ్లాయె. క్లిప్పులో అంకెల చోట రెండు గీతలు వచ్చాయి. ఇంకేమీ రాలేదు. వేలు మార్చింది. మళ్లీ గీతలే.

"పల్స్ అందడంలా," అని ఆమె గార్డుతో మెల్లగా అంది. మెల్లగా అన్న మాటలే మా అమ్మకు బాగా వినబడతాయి.

"అయ్యో, నా బిడ్డకి నాడి లేదంటమ్మా!"

"అమ్మా, నేను మాట్లాడతా ఉండా గదా!"

"నువ్వు గమ్మునుండరా, నీకేం తెలుసు!"

వేడికి మందేస్తే ఉన్న నాడి ఊడిందన్నమాట. నర్సమ్మ గబగబా దుప్పటి కప్పింది. మిరియాల టీ తెప్పించింది. అమ్మ నా అరికాళ్లు రుద్దడం మొదలుపెట్టింది. అంతటితో ఊరుకోక, అక్కడున్న వేడినీళ్ల సంచి తీసి నా నుదుటి మీద పెట్టి, తన కొంగుతో బిగించి కట్టింది. నాకు హాయిగా అనిపించి కళ్లు మూసుకున్నాను. అది రెండో తప్పు.

పావుగంట తర్వాత అమ్మ కొంగూ సంచీ తీసేశాక, బయటికెళ్లి వచ్చిన నర్సమ్మ తన గన్ను పెట్టింది. ఆమె ముఖం మారిపోయింది.

"నూటొకటి!"

"పావుగంటలో శవం నించి జ్వరం దాకా వచ్చినావు బావా," అంది రాధ. ఆ గొంతులో ప్రేమేమీ లేదు.

నర్సమ్మ నిబంధనల కాగితం చేతిలోకి తీసుకుంది. గోడ గడియారంలో పదకొండూ నలభై. పల్లవి మూలన నిలబడి, రైడ్ల పేర్లు రాసుకున్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి గౌనులో దాచేసుకుంటోంది. అడగన్లే అన్న మాట దాని ముఖంలో కనిపించింది. నా నోరు నేను తెరిచేలోపే అది ఏడుస్తూ చెప్పేసింది.

"ఆంటీ, మా నాన్నకి జ్వరం లేదు! ఐసు పెట్టుకున్నాడు! నన్ను లోపలికి తీసుకుపోవాలని పెట్టుకున్నాడు!"

నర్సమ్మ కళ్లు చిన్నవయ్యాయి. "అంటే జ్వరం దాచినారా సార్?"

"కాదమ్మా, లేని జ్వరం రాకుండా..."

"మాట్లాడమాకండి!" అంటూ ఆమె సొరుగు లాగి, పాతకాలం గాజు థర్మామీటర్ తీసి నా నాలుక కింద పెట్టింది. "మూడు నిమిషాలు. నోరు తెరిస్తే ఇంటికే."

ఆ మూడు నిమిషాలూ నా జీవితంలోకెల్లా పొడుగైనవి. ఎందుకంటే నా నోరు మూతపడగానే మా ఆవిడ నోరు తెరుచుకుంది. బ్యాంకు గార్డు, మంత్రసాని, సొరకాయ, ఆముదం, పక్కింటికి పోయిన వంజరం, చేపల పెట్టె, అన్నీ వరసగా చెప్పింది. కాదనడానికి లేదు, ఔననడానికి లేదు. గాజు గొట్టాన్ని చప్పరిస్తూ గుడ్లప్పగించి చూస్తున్నాను. మొదట గార్డు నవ్వాడు. తర్వాత నర్సమ్మ గోడవైపు తిరిగింది. ఆమె భుజాలు ఊగుతున్నాయి.

"అదా! ఇందాకట్నించీ గదిలోకి చేపల బుట్ట ఎవరు తెచ్చినారా అనుకుంటా ఉండా!"

కళ్లు తుడుచుకుని థర్మామీటర్ వెలుగుకు పెట్టి చూసింది. తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు. అచ్చం పుస్తకంలో రాసినట్టు.

"మీ శరీరంలో వేడీ లేదు, చలవా లేదు సార్. మామూలు మనిషి. పరిగెత్తండి, ఇంకా పది నిమిషాలుండాయి."

అమ్మతో సహా పరిగెత్తాం. పల్లవి అందరికంటే ముందు గేటు దాటి, అవతలి వైపు నిలబడి గంతులు వేసింది. "నాన్నా, లోపలుండా! నేను లోపలుండా!" అని అరుస్తుంటే నా కళ్లు చెమర్చాయి. అప్పటికి నుదురు కూడా కరిగి, ముఖమంతా ఒక్కసారిగా నవ్వింది. అంత సంతోషం ఆ తర్వాత ఏ రైడ్‌లోనూ నాకు దొరకలేదు.

గార్డు నా చెయ్యి పట్టి ఆపాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అన్నా, ఒక మాట చెప్తా, ఏమనుకోమాక. పొద్దున్నించి ఈ గన్ను ఎవరికి పెట్టినా తొంభై ఏడే చూపిస్తా ఉండాది. నాకు పెట్టుకున్నా అంతే. నా టిఫిన్ డబ్బాకి పెట్టినా అంతే. నీ ఐసు నుదురు ఒక్కదానికే అది బెదిరి 'లో' అనింది. కొత్తది మధ్యాహ్నం వస్తాదని చెప్పినారు. నువ్వు ఊరికే నడిచొచ్చుంటే నీకూ తొంభై ఏడే వచ్చుండేది."

నేను వెనక్కి తిరిగి చూశాను. రాధ విన్నది. అమ్మ కూడా విన్నది. ఆ తర్వాత ఇద్దరూ అన్న మాటలకు ఈ కాగితం చాలదు.

కాబట్టి మర్నాడు ఫ్యాక్టరీకి వెళ్లగానే పెద్ద ఐసు దిమ్మ మీద కుడిచెయ్యి పెట్టి గంభీరంగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఇంకెప్పుడూ ఏ యంత్రానికీ భయపడి నా ఒంటిని చల్లబరుచుకోను, దాని ముందు ఎలా ఉన్నవాణ్ణి అలాగే నిలబడతాను అన్నాను. ప్రమాణం ఇంకా చాలానే ఉండేది. చెయ్యి కొంకర్లు పోతుంటే అక్కడితో ముగించాను.