రెండు కోఠి

ఆడవాళ్లకు బస్సు ఉచితం చేసిన కొత్తలో మా గల్లీలో మగవాళ్లంతా మమ్మల్ని చూసి నవ్వారు. చిక్కడపల్లి నుంచి నారాయణగూడకు కూడా బస్సే ఎక్కుతున్నారనీ, పనీపాటా లేకుండా తిరుగుతున్నారనీ. నాకు నిజంగానే పనీపాటా లేదు. బషీర్‌బాగ్‌లో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. పెళ్లి చేసుకోలేదు. పొద్దున పాలవాడితో నాలుగు మాటలు మాట్లాడితే మళ్లీ సాయంత్రం దాకా నోరు విప్పే పనుండదు. బస్సెక్కితే మనుషుల మధ్య కూర్చోవచ్చు. అందుకే ఎక్కేదాన్ని. ఎవడేమనుకుంటే నాకేం?

తోడు ఒక అక్క ఉండేది. తోడబుట్టింది కాదు, మా పై అంతస్తులో కిరాయికుండే ఆమె. భర్త పోయాడు. ఒక్కతే కూతురు, మెట్రో స్టేషన్‌లో టికెట్ల కౌంటర్‌లో కూర్చుంటుంది. ఆ జీతం మీదే ఇద్దరూ బతకాలి. సాయంత్రం కాగానే అక్క కిందికి దిగి నా తలుపు కొట్టేది. ఇద్దరం కోఠి దాకా వెళ్లి, అదే బస్సులో తిరిగొచ్చేవాళ్లం. కొనేదేమీ లేదు. కిటికీ పక్కన ఆమె, ఇవతల నేను. "రెండు కోఠి" అని నేనంటే కండక్టరమ్మ రెండు సున్నా టికెట్లు ఇచ్చేది. మా ఆధార్ కార్డులు చూడటం ఆమె ఎప్పుడో మానేసింది. ఆ టికెట్లకు మేం పైసా ఇవ్వం. మా తరఫున సర్కారు కడుతుంది.

ఒక ఆదివారం మా అపార్ట్‌మెంట్ వాళ్లు నీళ్ల మోటారు గురించి మాట్లాడుకుందామని సెల్లార్‌లో కుర్చీలు వేశారు. మోటారు సంగతి పక్కకుపోయి మాట మెట్రో మీదికి మళ్లింది. రైలు నడిపే ప్రైవేటు కంపెనీకి నష్టాలొస్తున్నాయట, సర్కారు ఆదుకోవాలట.

"ఇయ్యాల్సిందే. లేకుంటే రైలు బందయితది" అన్నాడు కింది ఫ్లాట్ పెద్దాయన.

నా నోరు ఊరుకుంటుందా! "ఎందుకియ్యాలె? లాభమొస్తే వాళ్ల జేబుల, నష్టమొస్తే మన నెత్తిమీదనా? చాతగాకుంటే సర్కారుకే అప్పజెప్పుమనుండ్రి. పైసలు మనయైతే రైలు గూడ మనదే గావాలె."

"మరి నువ్వు రోజు ఫుకట్‌ల బస్సు ఎక్కుతలేవా? గవి మా పన్నుల పైసలు గావా?" అన్నాడాయన. అందరూ పకపకా నవ్వారు.

నాకు ఒళ్లు మండింది. "బస్సు మనది! లాభమైనా మనదే, నష్టమైనా మనదే. ప్రైవేటోనికి ఒక్క పైస ఇయ్యొద్దు. బందయితే కానియ్యి!"

చివరి మాట అనేశాక చూశాను, పక్క కుర్చీలో అక్క ముఖం. ఆమె లేచి మెట్లెక్కుతుంటే వెనకాలే పరిగెత్తాను.

"అక్కా, నేను కంపెనీని అన్న. నీ బిడ్డను గాదు."

"బందయితే నా బిడ్డ యాడికి పోవాలె?" అంది. "నువ్వు అన్నది న్యాయమే గావచ్చు చెల్లె. నాకు గంత న్యాయం వద్దు."

ఆ మర్నాడు సాయంత్రం నా తలుపు ఎవరూ కొట్టలేదు. ఆ తర్వాత ఒకరోజు పచ్చిపులుసు చేసి గిన్నె పట్టుకుని పైకెళ్లాను. తీసుకుంది. బస్సుకు రమ్మంటే మోకాళ్లు నొస్తున్నాయంది. సాయంత్రం ఆమె లైబ్రరీ వైపు హాయిగా నడిచి వెళ్లడం నా బాల్కనీలోంచి చూశాను. అదే బాల్కనీలోంచి మెట్రో కూడా కనిపిస్తుంది. పెట్టెల నిండా మనుషులు, అందరూ ఫోన్లలోకే చూస్తుంటారు. ఇదివరకు ఆ రైలును చూస్తే కోపమొచ్చేది. ఇప్పుడు ఏడుపొస్తోంది. నా అభిప్రాయం మాత్రం మారలేదు, ఇవాళ అడిగినా అదే చెప్తాను. చెప్పడానికే మనిషి లేదు.

ఇంట్లో ఉండలేక నిన్న ఒక్కదాన్నే బస్సెక్కాను. సంచి కిటికీ పక్క సీట్లో పెట్టి ఇవతల కూర్చున్నాను. కండక్టరమ్మ రాగానే నోటికి అలవాటైన మాటే వచ్చేసింది: "రెండు కోఠి."

మిషన్‌లోంచి రెండు టికెట్లూ వచ్చాక ఆమె ఖాళీ సీటు వైపు చూసింది. "ఇంకో అమ్మేది?"

ఒకటి వాపసు తీసుకొమ్మంటే సరిపోయేది. కానీ అక్క రావడం మానేసిందని పైకి అనాలి. అది నా వల్ల కాలేదు.

"ముంగట ఎక్కింది. రద్దీల ఇరుక్కున్నది, వస్తది" అన్నాను.

ఆమె రెండూ నా చేతిలో పెట్టి ముందుకెళ్లింది. ఎక్కని మనిషి టికెట్‌కు సర్కారు చేత డబ్బు కట్టించాను. ప్రైవేటోడికి ఒక్క పైసా ఇవ్వొద్దని సెల్లార్ దద్దరిల్లేలా అరిచిన దాన్ని నేనే.

బస్సు అశోక్‌నగర్ హాస్టళ్ల పిల్లలతో కిటకిటలాడుతోంది. పుస్తకాల సంచీ మోస్తున్న ఒక అమ్మాయి నా మీదికి వంగింది.

"ఆంటీ, గీడ ఎవరన్న ఉన్నరా?"

"ఉన్నరమ్మా" అన్నాను.

నారాయణగూడ దాటింది. ఆ పిల్ల కోఠి దాకా నిలబడే వచ్చింది. నేను సంచి తీయలేదు.