క్లచ్చు పట్టే చెయ్యి

మా అక్క వరలక్ష్మి పోయి ఏడాది కావస్తోందనగా బావ ఫోన్ చేశాడు. శనివారం సంవత్సరీకం, ఒక రోజు ముందే రమ్మన్నాడు.

"బండి అమ్మీసినాను బావ. ఆదివారం వచ్చి పట్టుకుపోతారు. ఈలోగా నీతో సిన్న పనుంది," అన్నాడు. ఏం పనో చెప్పలేదు.

శుక్రవారం ఉదయం రాజమండ్రిలో విశాఖ వెళ్లే పగటి రైలెక్కాను. పుట్టింటి తరఫున ఇవ్వాల్సిన చీర అమ్మ నా సంచిలో పెట్టింది. రిజర్వేషన్ ఉన్నా కిటికీ పక్క సీటు దొరకలేదు. అక్కడ కూర్చున్న పెద్దాయన సామర్లకోట దాటాక ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర పొట్లం విప్పి, వద్దంటున్నా నాకూ పెట్టారు. పుట్టింది ద్రాక్షారామం వైపట, ఉద్యోగమంతా విశాఖ పోర్టులోనట. మా బావ కూడా అక్కడే ఒక కాంట్రాక్టరు దగ్గర ఫిట్టరుగా చేసేవాడనీ, ఎడమచెయ్యి ఇనపతాడు కింద నలిగిందనీ చెప్పాను.

"వేళ్లున్నాయాండీ?" అని అడిగారు.

"ఉన్నాయండి. ముడుచుకోవు."

ఆయన తన వేళ్లు ఒకసారి ముడిచి తెరిచి చూసుకున్నారు. "ఉండీ ముడుచుకోకపోవడం మరీ కష్టమండి," అన్నారు.

బావ పేరు అప్పలనాయుడు. చెయ్యి అలా అయ్యాక పోర్టు పని మానేశాడు. ఆనందపురం దాటి లోపలికి, ఒక కొండ వాలున్న నేల లీజుకు తీసుకుని, సెలవు రోజుల్లో వచ్చే పట్నం వాళ్లకు ఏటీవీలు తిప్పే వ్యాపారం పెట్టాడు. మట్టిలోనూ రాళ్లమీదా నడిచే లావు టైర్ల నాలుగు చక్రాల బండ్లవి. వచ్చినవాళ్లకు గేర్లు లేనివి ఇచ్చేవాడు. తనకు మాత్రం గేర్ల బండి, ఎర్రది, ఇద్దరు కూర్చునేది. గేరు ఎడమకాలితో వేయాలి, క్లచ్చు ఎడమచేత్తో నొక్కాలి. కాలు బాగానే ఉంది, చెయ్యే పనిచేయదు. అందుకని అక్క వెనక కూర్చుని, ఆయన నడుం పక్కనుంచి చెయ్యి చాపి క్లచ్చు పట్టేది. వాళ్లకు పిల్లల్లేరు. పొద్దున్నే ఇద్దరూ ఆ బండిమీద కొండెక్కి దిగేవాళ్లు. అక్క ఫోటోలు పంపేది. ఎప్పుడొచ్చినా నన్నూ ఎక్కమనేది. నాకు భయం, ఎక్కలేదు. పోయిన వానాకాలం జ్వరమొచ్చి అక్క వారం తిరక్కుండా పోయింది.

పన్నెండున్నరకు రైలు విశాఖ చేరింది. విస్తరాకులు తెమ్మని బావ చెప్పాడు కాబట్టి ముందు ఆటోలో వన్ టౌన్ వెళ్లాను. ఆ ఇరుకు సందుల్లోకి మధ్యాహ్నం పూట ఆటో తేవడం పొరపాటు. సందు మొదట్లోనే దిగి నడిచి ఉంటే త్వరగా చేరేవాణ్ని. హోల్‌సేల్ కొట్టు యజమాని నవ్వుతూ, "పెల్లికా బాబూ?" అన్నాడు. సంవత్సరీకానికి అన్నాను. ఆయన ముందు తీసిన కట్ట పక్కనపెట్టి, లోపలికి వెళ్లి చిల్లులు లేని ఆకుల కట్ట ఏరి తెచ్చాడు.

ఆనందపురం వెళ్లేవాళ్లకు దారి సులువే. ఆర్టీసీ కాంప్లెక్సులో విజయనగరం వెళ్లే బస్సు ఏది దొరికినా ఎక్కొచ్చు. మద్దిలపాలెం, మధురవాడ దాటాక కూర్చోవడానికి చోటు కూడా దొరుకుతుంది. కాంప్లెక్సు ఎదుట హోటల్లో భోజనం చేసి నేనూ అలాగే వెళ్లాను. మూడు దాటాక జంక్షన్లో దిగేసరికి బావ అరటిపళ్ల బండి పక్కన నిలబడి ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. ఎడమచెయ్యి పొట్టకు ఆనించుకుని ఉన్నాడు.

"ఒచ్చీసినావా బావ? తిన్నావా?" అన్నాడు.

"తిన్నాను బావా. నువ్వు?"

"ఏదో తిన్నాను గానీ పద. పొద్దుండగానే ఎల్లాల."

షేర్ ఆటోలో ఊరు దాటి, మట్టిదారిలో కొంత నడిచాం. ఒకప్పుడు టైర్లు పేర్చి హద్దు కట్టిన చోట ఇప్పుడు సున్నం పూసిన రాళ్లు పాతి ఉన్నాయి. నేల గలాయన లేఅవుట్ వేస్తున్నాడట. లీజు ఈ నెలతో ఆఖరు. గేర్లు లేని బండ్లు అప్పుడే అమ్ముడుపోయాయి. బావకు పరవాడలో ఒక మందుల ఫ్యాక్టరీ స్టోర్సులో పని దొరికిందట, అక్కడే గది కూడా తీసుకున్నాడు. రేకుల షెడ్డు ముందు ఎర్రబండి ఒక్కటే టార్పాలిన్ కింద ఉంది.

టార్పాలిన్ తీశాడు. బండి కడిగి, పెట్రోలు పోయించి సిద్ధంగా ఉంచాడు.

"మీ అక్క పోయినకాణ్నించి దీన్ని ఎక్కనేదు. ఒక్కపాలి పైకెల్లొద్దాం. క్లచ్చుకి చెయ్యి కావాల. ఇక్కడోల్లనెవర్నీ అడగబుద్ది కానేదు," అన్నాడు.

అదీ ఆ చిన్న పని.

వెనక కూర్చున్నాను. ఎడమచెయ్యి ముందుకు చాపాను. క్లచ్చు దగ్గర హ్యాండిల్ రంగు సన్నటి గీతలుగా లేచిపోయి ఉంది. రాళ్లు తగిలాయేమో అనుకున్నాను. చెయ్యి ఆనించాక తెలిసింది, గాజులు రాసుకునే చోటది. నా మణికట్టు సరిగ్గా ఆ గీతలమీదే ఆనింది. కాసేపు చెయ్యి తీసేశాను. బావ ముందుకే చూస్తూ కూర్చున్నాడు. మళ్లీ పెట్టాను.

ఇంజన్ ఆన్ చేశాడు. క్లచ్చు నొక్కాను, ఆయన కాలితో ఫస్టు గేరు వేశాడు. నేను వదలగానే బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది.

"ఏటి బావ, అలగ ఒగ్గీసినావు? మెల్లగా ఒగ్గాల. బండి లాగుతాదని సేతికి తెలుస్తాది సూడు, అప్పుడు."

రెండోసారి మెల్లగా వదిలాను. బండి కదిలింది. కొంచెం వేగం అందుకోగానే రెండో గేరు వేస్తాడనిపించి మళ్లీ క్లచ్చు నొక్కబోయాను.

"ఒద్దు, ముట్టకు. ఇకమీద నాను సూసుకుంతాను."

అప్పుడు చూశాను. ఎడమకాలి బొటనవేలు గేరు కింద పెట్టి, ముందుగానే కొంచెం పైకి ఎత్తి పట్టుకున్నాడు. కుడి బొటనవేలితో నొక్కుతున్న యాక్సిలరేటర్ ఒక్క క్షణం వదిలాడు. ఇంజన్ మీద బరువు తేలిపోయిన ఆ క్షణంలో గేరు దానంతటదే టక్కుమని పడింది. కుదుపే లేదు. మూడో గేరూ అంతే. పల్లం వచ్చినప్పుడు గేరు దించడం మాత్రం ఇంకా కష్టం. యాక్సిలరేటర్ వదిలి, మళ్లీ చిన్నగా ఒక్కసారి రైజ్ చేసి, ఆ గుర్రుమనడంలోనే కాలితో కిందికి తొక్కాడు. ఒకచోట తప్పింది. పళ్లు కొరికినట్టు చప్పుడైంది. "అలవాటు తప్పిపోనాది," అని తనలో తనే అనుకున్నాడు.

అలా చేస్తే గేరుబాక్సు పాడవుతుందని ఎక్కడో విన్నాను. ఆ మాట అనలేదు.

కొండమీద చదునుగా ఉన్నచోట ఆపాడు. తూర్పున భీమిలి వైపు సముద్రం మసగ్గా కనిపిస్తోంది. బండి మీదే కూర్చుని ఉన్నాం.

"క్లచ్చు లేకుండా ఎప్పుడు నేర్చుకున్నావు బావా?" అని అడిగాను.

"మీ అక్క కోసరవే. దీని క్లచ్చు గట్టిగుంతాది. ప్రతి గేరుకీ నొక్కీసరికి రాత్రి సెయ్యి లాగీసేది దానికి. అడిగితే ఏటీ నేదనీది. నానే సూసి, నెమ్మదిగా నేర్సుకున్నాను. మూడో గేరు దాకా క్లచ్చు నేకుండా ఏసిన్రోజు నవ్వుతా అడిగింది, ఇంక నాతో పన్నేదు గదా అని." క్లచ్చు వైపు చూశాడు. "కదల్డానికి నువ్వుండాల గదే అన్నాను. ఎంత సంబరపడిపోనాదో."

నిజమే. నడుస్తున్న బండికి గేర్లు మార్చొచ్చు గానీ, నిలబడిన బండి కదలాలంటే క్లచ్చు పట్టే చెయ్యి ఉండాల్సిందే.

"మెకానిక్కుని అడగలేకపోయావా? క్లచ్చు కుడివైపుకు మార్చేవాడేమో."

"అది పోయినాక ఓడు వచ్చి అడిగినాడు. రెండు లివర్లూ కుడేపే పెడతానన్నాడు. ఒద్దన్నాను."

"ఎందుకు?"

"పెడితే, అది నేకపోయినా బండి కదుల్తాది గదా బావ."

ఆయన భుజం మీద చెయ్యి వేశాను. ఏడాదిగా అమ్మ ముందు ఏడవకూడదని ఆపుకున్నదంతా అక్కడ వచ్చేసింది. బావ వెనక్కి తిరగలేదు గానీ ఆయన వీపు కూడా కదులుతోంది. పొద్దు వాలుతుంటే, "పద, దిగిపోదాం," అన్నాడు. ఈసారి క్లచ్చు మెల్లగానే వదిలాను.

శనివారం కార్యక్రమం షెడ్డు ముందే జరిగింది. అమ్మ పంపిన చీర పక్క కళ్లాల దగ్గర ఇళ్లలో ఉండే ఒక ముత్తయిదువకు ఇచ్చాం. ఆవిడ చీర గుండెకు హత్తుకుని, "నన్ను కూడా ఓపాలి ఎక్కించింది బాబూ, భయపడకు, నానున్నాను అంది," అని ఏడ్చింది.

ఆదివారం ఉదయం తొమ్మిదికి అరకు నుంచి వ్యాను వచ్చింది. కొనుక్కున్న కుర్రాడు మర్యాదస్తుడు. బండి చుట్టూ తిరిగి చూసి, "క్లచ్చు ప్లేట్లు ఎలాగున్నాయండి?" అని అడిగాడు.

"అరగనేదు బాబూ. కదిలీటప్పుడే వాడీవోల్లం," అన్నాడు బావ.

కుర్రాడు బండెక్కి, తన ఎడమచేత్తో క్లచ్చు నొక్కి, పలకల మీదుగా ఒక్క ఊపులో వ్యానులోకి ఎక్కించేశాడు. తాళ్లు కడుతున్నంతసేపూ బావ దగ్గరే ఉండి ముడులు లాగి చూశాడు. వ్యాను మలుపు తిరిగాక టార్పాలిన్ ఒంటిచేత్తో మడతపెట్టడం మొదలుపెట్టాడు. రెండో కొస నేను పట్టుకున్నాను.

మాతో వచ్చి ఉండమని అడిగాను. రానన్నాడు. స్టేషను దాకా మాత్రం వచ్చాడు. ఆయన పరవాడ బస్సు వేరే చోట ఎక్కాల్సి ఉన్నా, మధ్యాహ్నం నా రైలు కదిలేదాకా ప్లాట్‌ఫారం మీదే నిలబడ్డాడు. "పండగలికి రా బావా," అన్నాను. "సూద్దాం," అన్నాడు.

దువ్వాడ దాటాక ఉక్కు ఫ్యాక్టరీ పొగగొట్టాలు వెనక్కి వెళ్లిపోతుంటే, ఎదుటి సీటులో పసిపిల్లతో ఉన్న అమ్మాయి మాట కలిపింది. వైజాగ్‌లో మీవాళ్లెవరున్నారని అడిగింది. ఇన్నేళ్లూ ఆ ప్రశ్నకు నాకు ఒకటే జవాబు, మా అక్క. అదే నోటిదాకా వచ్చింది.

"మా బావ ఉన్నాడమ్మా. నాయుడు బావ," అన్నాను. "మళ్లీ నెల వస్తాను."